గొంతు ఆమెది, మైకు ఎవరిది?



పోయిన భాగంలో మన బస్తీల్లో డప్పు పోయి డీజే ఎట్లా వచ్చిందో రాశాను. అది చదివి ఇస్నాపూర్ నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది.

"అన్నా, నిన్న షిఫ్ట్ ఆటోల పెద్ద లొల్లి అయింది. సారంగదరియా పాట కోమలిదే, మంగ్లీ గుంజుకున్నదని ఒకామె. మంగ్లీ పాడకపోతే ఆ పాట ఎవలకు తెలుసని ఇంకొకామె. ఇద్దరు మాటలు బంద్ చేసిండ్రు. నువ్వు చెప్పు, తప్పు ఎవలది?"

నాకు నవ్వు రాలేదు. ఇటువంటి మాటల బంద్ మా ఇంట్లో 11 ఏండ్లు నడిచింది. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు చెల్లె అడిగిన దానికి జవాబు చెప్పాలి. జవాబు కొంచెం పొడుగు. వరంగల్ నుంచి మద్రాసుకు, అక్కడి నుంచి అమెరికాలో ఇంకో ఫ్యాక్టరీల ఊరికి పోయి మళ్లీ మన పాశమైలారం రోడ్డుకే రావాలి. ఓపికతో చదవండి.

1. ముగ్గురు ఆడవాళ్లు, ఒక్క రికార్డింగ్

2021 ఫిబ్రవరి చివర్లో శేఖర్ కమ్ముల తీసిన 'లవ్ స్టోరీ' సినిమా నుంచి సారంగదరియా పాట బయటికి వచ్చింది. రచన సుద్దాల అశోక్ తేజ, సంగీతం పవన్ సీహెచ్, పాడింది మంగ్లీ, ఆడింది సాయిపల్లవి. చూస్తుండగానే కోట్ల వ్యూస్ దాటింది. ఆ వెంటనే వరంగల్ వైపు నుంచి కోమలి అనే జానపద గాయని ముందుకొచ్చింది. ఈ పాట మా ఇంటి పెద్దల దగ్గర నేర్చుకున్నాను, మా టీవీ 'రేలా రే రేలా' కార్యక్రమంలో పాడి వెలుగులోకి తెచ్చాను, మరి సినిమాలో నాతో ఎందుకు పాడించలేదు అని అడిగింది.

దర్శకుడు ఫేస్‌బుక్‌లో వివరణ రాశారు. ఆ పాటను అదే కార్యక్రమంలో శిరీష అనే గాయని పాడగా తాను విన్నానని, ఏండ్ల తరబడి మనసులో ఉండిపోయిందని చెప్పారు. రికార్డింగ్ చెన్నైలో, తొందరగా కావాల్సి వచ్చింది. ఆ సమయానికి అటు శిరీషకు, ఇటు కోమలికి కుదరలేదు, అందుకని మంగ్లీ పాడింది అన్నది ఆయన మాట. గుర్తింపు, పారితోషికం ఇస్తామని కూడా అన్నారు.

ఎవరి మాట ఎంత నిజమని నేను తీర్పు చెప్పడం లేదు. ఒక్కటే గమనించమంటున్నాను. ఆ పాట చుట్టూ ముగ్గురు గాయనులు ఉన్నారు. రికార్డింగ్ ఏ ఊర్లో, ఏ తారీఖున, ఎంత తొందరగా అనేది ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా నిర్ణయించలేదు. అయినా టీవీ చర్చల్లో, యూట్యూబ్ బొమ్మల మీద 'కోమలి వర్సెస్ మంగ్లీ' అనే పెట్టారు. రెండు ఆడ ముఖాలు ఎదురెదురుగా పెడితే జనం చూస్తారు. అసలు ప్రశ్న ఏంది? నాట్లలో, పెండ్లిళ్లలో తరతరాలుగా పాడిన పాట సినిమాకు పోయినప్పుడు దాని మీద వచ్చే పైసలు ఎవరి ఖాతాలో పడాలె? ఈ ప్రశ్నకు ముఖం లేదు, అందుకే బొమ్మ మీదికి ఎక్కలేదు.

ఇంకో మాట. 'లవ్ స్టోరీ' కథలో హీరో దళిత యువకుడు. కులం వల్ల పడే అవమానమే ఆ సినిమా విషయం. అటువంటి సినిమా పాట దగ్గరే పల్లె గొంతుకు ఎంత గౌరవం అన్న లొల్లి రావడం చూస్తే ఇది ఒక మనిషి మంచి చెడ్డల వ్యవహారం కాదని తెలుస్తుంది. మంచి మనసుతో తీసినా పని నడిచే పద్ధతి పాతదే.

మంగ్లీ పాట దొంగిలించలేదు. పిలిచారు, పోయింది, పాడింది. ఆమె కూడా అనంతపురం జిల్లా తండాలో పుట్టిన బంజారా బిడ్డ. వీ6 చానెల్‌లో తెలంగాణ యాసతో యాంకర్‌గా జనానికి తెలిసింది. తర్వాత మైక్ టీవీ పాటలతో ఊరూరికీ చేరింది. ఇప్పుడు తన పేరు మీదనే యూట్యూబ్ చానెల్ నడుపుకుంటున్నది. చానెల్ గొంతుగా మొదలై సొంత చానెల్ దాకా వచ్చిన ఈ దారి చిన్నది కాదు. ఎందుకు చిన్నది కాదో తెలవాలంటే పాత మద్రాసు చూడాలె.

2. మద్రాసులో నెల జీతం గొంతులు

ఈ పంచాయితీ యూట్యూబ్ కాలంలో పుట్టింది కాదు. 1950లలో మద్రాసు స్టూడియోలు ఫ్యాక్టరీల లెక్కనే నడిచేవి. నటులు, వాద్యగాళ్లు, టెక్నీషియన్లు, గాయకులు చాలామంది నెల జీతం మీద ఉండేవారు. విజయనగరం నుంచి పోయిన పి. సుశీల 1950ల మొదట్లో 'కన్నతల్లి'తో సినిమా పాటలోకి వచ్చింది. తర్వాత ఏవీఎం స్టూడియో ఆమెను నెల జీతం మీద పెట్టుకుంది. తమిళం నేర్పడానికి మాస్టరును కూడా ఏర్పాటు చేసింది. 1957లో గుంటూరు జిల్లా పల్లపట్ల బిడ్డ ఎస్. జానకి మద్రాసు చేరింది. ఆమె కూడా ఏవీఎంలోనే జీతం గాయనిగా మొదలైంది.

అంటే తర్వాత తెలుగు ఇండ్లల్లో 'నువ్వు సుశీల పార్టీయా, జానకి పార్టీయా' అని కొట్లాడుకున్న ఆ ఇద్దరి పేర్లూ మొదట ఒకే స్టూడియో జీతాల పుస్తకంలో ఉన్నాయి.

నెల జీతం మంచిదే కదా అనొచ్చు. పొరుగూరు నుంచి వచ్చిన కొత్త మనిషికి మంచిదే. ఒకటో తారీఖున కిరాయి కట్టుకోవచ్చు. కానీ పాట ఊరూరా మోగినా అదే జీతం, మోగకపోయినా అదే జీతం. రికార్డు అమ్మితే వచ్చే లాభం గొంతు దాకా రాదు. మన బెల్టులో ఉత్పత్తి రెండింతలు అయినా కూలి అదే ఉన్నట్టు.

జీతాల కాలం పోయినంక కూడా కట్టుబాటు పోలేదు, రూపం మారింది. స్టూడియో బదులు సంగీత దర్శకుడు వచ్చాడు. ఏ సంగీత దర్శకుడి గూటిలో ఏ గాయని ఉన్నదో జనానికి కూడా తెలుసు. 1976లో ఇళయరాజా వచ్చినంక జానకి పాటల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. దాన్ని జానకి గెలుపు, సుశీల ఓటమి అని రాసినవాళ్లు ఉన్నారు. మారింది ఎవరి గొంతూ కాదు. పని ఇచ్చే మనిషి మారిండు, అంతే.

ఈ ఇద్దరి పేర్ల పక్కన మూడో పేరు రాయకపోతే చరిత్రకు అన్యాయం. ఎల్.ఆర్. ఈశ్వరి. తల్లి జెమినీ స్టూడియోలో కోరస్ పాడేది. బిడ్డ కూడా 1954లో 'మనోహర'లో కోరస్‌తోనే మొదలైంది. అసలు పేరు రాజేశ్వరి. అప్పటికే ఎం.ఎస్. రాజేశ్వరి అనే గాయని ఉన్నది కాబట్టి ఈమె పేరు కత్తిరించి ఈశ్వరి చేశారు. ఆలోచించండి, ఇంకొక ఆడమనిషికి ఆ పేరు ఉన్నదని తన పేరే సగం అయింది.

కోరస్ అంటే సినిమాలో కాంట్రాక్టు లేబర్. పాటలో గొంతు ఉంటుంది, రికార్డు మీద పేరు ఉండదు. అక్కడి నుంచి ఈశ్వరి పైకి వచ్చింది. వచ్చినంక ఆమెకు ఎక్కువగా దొరికింది ఏంది? క్లబ్బు పాట, కైపు పాట. 1973లో 'దేవుడు చేసిన మనుషులు'లో ఆమె పాడిన 'మసక మసక చీకటిలో' ఇప్పటికీ మోగుతున్నది. పూజగదిలో కూర్చున్న హీరోయిన్‌కు ఒక గొంతు, క్లబ్బులో ఆడే ఆమెకు ఒక గొంతు అని పరిశ్రమ పంచిపెట్టింది. ఒకటి ఇంటి గొంతు, ఇంకొకటి వాకిటి గొంతు. ఇండ్లను ఊరు, వాడ అని విడదీసిన దేశంలో గొంతులను కూడా అట్లనే విడదీయడం చూసి మనకు ఆశ్చర్యం కలగదు. అదే ఈశ్వరి తమిళంలో పాడిన అమ్మవారి పాటలు ఆడి మాసంలో గుడి మైకుల్లో మోగుతాయి. ఆ గొంతుకు ఏది చేతనవునో, ఏది కాదో తేల్చింది గొంతు కాదన్నమాట.

మరి ఆ ఆడవాళ్లు నిజంగా ఒకరినొకరు తొక్కుకున్నారా? ఒక సంగతి చెప్తారు. 1962 నాటి 'కొంజుం సలంగై' అనే తమిళ సినిమాలో నాదస్వరంతో పోటీపడి పాడాల్సిన పాట ఒకటి ఉంది. పిలుపు వచ్చింది అప్పటికే పెద్ద గాయని అయిన పి. లీలకు. ఆ శ్రుతి జానకి అయితే అందుకుంటుందని లీలే చెప్పిందంటారు. జానకి పేరు దక్షిణాది అంతా తెలిసింది ఆ పాటతోనే. పోటీ కథలు వందసార్లు చెప్పుకునే మనం ఈ కథను ఎన్నిసార్లు చెప్పుకున్నాం?

బొంబాయి ముచ్చట కూడా ఒక్కటి. 1960లలో లతా మంగేష్కర్, రఫీ కొన్నేండ్లు కలిసి పాడలేదు. అహంకారం అనుకున్నారు చాలామంది. అసలు తగాదా రాయల్టీ మీద. పాట అమ్ముడు పోయినన్ని రోజులు గాయకులకు వాటా రావాలని లత, పాడినందుకు పైసలు తీసుకున్నాం కదా చాలు అని రఫీ. అది కూలి కొట్లాట. ఆడమనిషి అడిగింది కాబట్టి పొగరు అయింది.

3. కార్ల ఊర్లో పాటల ఫ్యాక్టరీ

కూలి కొట్లాట అన్నాం కాబట్టి, దీన్ని మనలాగా అర్థం చేసుకోగల ఊరు ఒకటి ఉంది. అమెరికాలో డెట్రాయిట్. కార్ల ఫ్యాక్టరీల ఊరు. దక్షిణాది పత్తి చేన్ల నుంచి లక్షల మంది నల్లజాతి కూలీలు బతుకుదెరువుకు పోయి స్థిరపడ్డ ఊరు. మన జహీరాబాద్, నారాయణఖేడ్ నుంచి పటాన్‌చెరుకు వచ్చినట్టు.

ఆ ఊర్లో బెర్రీ గోర్డీ అనే నల్లజాతి యువకుడు కొంతకాలం లింకన్-మెర్క్యురీ కార్ల ప్లాంటులో అసెంబ్లీ లైను మీద పని చేశాడు. 1959లో ఇంటివాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డు కంపెనీ పెట్టాడు. అదే మోటౌన్. అసెంబ్లీ లైను పద్ధతినే పాటకు తెచ్చాడు. ఒక గదిలో రాయడం, ఒక గదిలో వాయించడం, ఒక గదిలో నడక, మాట నేర్పడం, చివరికి ఏ పాట బయటికి పోవాలో తేల్చే క్వాలిటీ కంట్రోల్ మీటింగ్. మన కంపెనీల్లో క్యూసీ అంటామే, అదే పేరు, అదే పని.

పేదల ప్రభుత్వ క్వార్టర్లలో పెరిగిన ముగ్గురు అమ్మాయిలు 1961లో ఆ కంపెనీలో సంతకం చేశారు. ఫ్లోరెన్స్ బల్లార్డ్, మేరీ విల్సన్, డయానా రాస్. గ్రూపు కట్టడంలో ముందు నిలబడ్డది ఫ్లోరెన్స్. 'సుప్రీమ్స్' అనే పేరు ఎంచిందీ ఆమెనే. 1964 నుంచి 1969 దాకా 12 పాటలు అమెరికాలో మొదటి స్థానానికి పోయాయి.

ఇక్కడ కిటుకు గమనించండి. రికార్డు కంపెనీ గోర్డీది. పాటల హక్కులు చూసే కంపెనీ గోర్డీదే. గాయనుల తరఫున మాట్లాడాల్సిన మేనేజ్‌మెంట్ సంస్థ కూడా గోర్డీదే. కంపెనీతో నీకు తగాదా వస్తే నీ మేనేజర్ దగ్గరికి పోవాలె. నీ మేనేజర్ కంపెనీ మనిషి. లేబర్ తరఫున మాట్లాడే మేస్త్రీకి జీతం యజమాని ఇస్తే ఏమైతదో మనకు ఎవరూ చెప్పనవసరం లేదు.

గోర్డీ డయానాను ముందు నిలబెట్టాడు. 1967లో గ్రూపు పేరే 'డయానా రాస్ అండ్ ది సుప్రీమ్స్' అయింది. అదే ఏడు ఫ్లోరెన్స్‌ను తీసేసి ఇంకో అమ్మాయిని నిలబెట్టారు. తాగుతున్నది, లావు అయింది, ప్రోగ్రాంలకు సరిగా రావడం లేదు అన్నారు. మరుసటి ఏడు సుమారు 1 లక్షా 40 వేల డాలర్లు ఇచ్చి లెక్క తెంపారు. ఆ పైసలు ఆమె చేతిలో నిలవలేదు. తాను మాజీ సుప్రీమ్‌ను అని ప్రచారం చేసుకునే హక్కు కూడా పోయింది. పేరు పెట్టింది ఆమె, ఆ పేరు వాడుకోవద్దన్నది కంపెనీ. కోర్టుకు పోయి ఓడింది. ప్రభుత్వ సహాయం మీద బతికి, 1976 ఫిబ్రవరిలో 32 ఏండ్లకే చనిపోయింది.

ఈ కథను ఇప్పటికీ 'డయానా, ఫ్లోరెన్స్‌ల అసూయ' అనే చెప్తారు. ఇద్దరి మధ్య అసూయ లేదని నేను అనను. ఉండే ఉంటుంది. ముందు వరుసలో ఒక్కరికే చోటు అంటే అక్కచెల్లెండ్ల మధ్య కూడా పుడుతుంది. కానీ ఒక్కరికే చోటు అని గీత గీసింది ఆ ఇద్దరిలో ఎవరు?

మనం దాటవేయకూడని సంగతి ఇంకొకటి ఉంది. గోర్డీ నల్లజాతివాడే. తెల్ల కంపెనీలు మూసిన తలుపులు తెరిచాడు, వందల మంది నల్ల కళాకారులకు పని ఇచ్చాడు. అది చిన్న పని కాదు. అయినా యజమాని మనోడు అయినంత మాత్రాన జీతాల పుస్తకం మన చేతికి రాదు. మన బస్తీలో మనోడే లేబర్ కాంట్రాక్టర్ అయినప్పుడు ఇది మనం చూసిందే. మనోడు కదా అని అడగడం మానేసింది కూడా మనమే.

4. చట్టం ఏమంటున్నది

1957 కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. సినిమా పాట రాసినవారికి, స్వరం కట్టినవారికి రాయల్టీని వదులుకోలేని హక్కుగా చేశారు. పాడినవారికి కూడా వాణిజ్య వాడకం మీద రాయల్టీని గుర్తించారు. 2013లో గాయకులు తమ హక్కుల కోసం ఇస్రా అనే సంఘం పెట్టుకున్నారు. లత 1960లలో అడిగిన మాట చట్టంలోకి రావడానికి 50 ఏండ్లు పట్టింది.

కానీ ఎవరు రాశారో తెలియని పాట మన పాట. వరినాట్లలో, ఇసుర్రాయి దగ్గర, బతుకమ్మ చుట్టూ పుట్టిన పాటకు ఈ చట్టంలో సొంతదారు లేరు. దానికి కొత్త చరణాలు రాస్తే ఆ చరణాలకు హక్కు, కొత్త బాణీ కడితే ఆ బాణీకి హక్కు, స్టూడియోలో పాడితే ఆ రికార్డింగుకు హక్కు. పల్లవిని ఇన్ని తరాలు చావకుండా మోసిన నోర్లకు మాత్రం ఏమీ లేదు. కోమలి అడిగిన ప్రశ్న ఇక్కడ పడుతుంది. అది మంగ్లీ మీద ప్రశ్న కాదు, ఈ ఖాళీ మీద ప్రశ్న. ఆ ప్రశ్న అడిగినందుకు మనం కోమలికి రుణపడి ఉండాలె.

5. మా అమ్మ, మా చిన్నమ్మ

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా అమ్మ పాశమైలారంలో ఒక కంపెనీలో ప్యాకింగ్ చేసేది. ఆమెతో పాటు తండా నుంచి వచ్చే ఒకామె ఉండేది, నేను చిన్నమ్మా అని పిలిచేవాణ్ని. ఇద్దరూ పాటగాళ్లు. ట్రాలీ ఆటోలో 20 మంది ఆడవాళ్లు పోతుంటే మా అమ్మ ఎత్తుకునేది, చిన్నమ్మ అందుకునేది. మరునాడు చిన్నమ్మ ఎత్తుకుంటే అమ్మ అందుకునేది. లంబాడీ పాట మా అమ్మకు సగం వచ్చు, మా పాట చిన్నమ్మకు మొత్తం వచ్చు.

ఒకరోజు కాంట్రాక్టర్ ఇద్దరినీ పక్కకు పిలిచి చెప్పాడట. "ఒక్క పర్మనెంట్ కార్డు ఉంది. పీఎఫ్, ఈఎస్ఐ అన్నీ వస్తయి. మీ ఇద్దర్ల ఎవలు ఎక్కువ డబ్బాలు కడితే వాళ్లకు."

ఇద్దరూ కట్టారు. తినే టైమ్ కూడా తగ్గించుకుని కట్టారు. చిన్నమ్మ బిడ్డకు జ్వరం వచ్చి రెండు రోజులు రాకపోతే మా అమ్మ లోలోపల సంబురపడ్డదట. ఆ మాట చెప్పేటప్పుడు మా అమ్మ నా ముఖం చూడలేదు. మూడు నెలలకు ఆ ఇద్దరూ కట్టిన లెక్కే సెక్షన్ మొత్తానికి రోజువారీ టార్గెట్ అయింది. మిగిలిన ఆడవాళ్లు ఇద్దరినీ తిట్టారు. తర్వాత కాంట్రాక్టర్ మారిండు. పర్మనెంట్ కార్డు ఎవరికీ రాలేదు. నీవల్ల పోయిందంటే నీవల్ల పోయిందని ఇద్దరూ మాటలు బంద్ చేశారు. ఆటోలో పాట కూడా బంద్ అయింది.

11 ఏండ్లు. రెండు ఇండ్లల్లో పెండ్లిళ్లయినా ఒకరింటికి ఒకరు పోలేదు.

ఒక సద్దుల బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద మా అమ్మ పాట ఎత్తుకుంది. నడుమ చరణం మర్చిపోయింది. అవతలి వరుసలో నుంచి చిన్నమ్మ అందుకుంది. పాట అయిపోయేదాకా ఇద్దరూ ఒకరి దిక్కు ఒకరు చూడలేదట. అయిపోయినంక చిన్నమ్మ వచ్చి అన్నదట: "అక్కా, ఆ కార్డు అసలు ఉండెనా?"

11 ఏండ్లు ఇద్దరిలో ఒక్కరికి కూడా ఆ ప్రశ్న రాలేదు.

చెల్లె, నువ్వు అడిగిన దానికి నా జవాబు ఇదే. రేపు ఆటో ఎక్కినంక ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టు. ఏ గాయని గొప్ప అని కాదు, మూడు సంగతులు అడుగు. రికార్డింగ్ తారీఖు ఎవరు పెట్టిండ్రు? పాట మీద వచ్చే పైసలు ఎవరి ఖాతాల పడుతున్నయి? ఒక్కరికే చోటు ఉన్నదని వాళ్లకు ఎవరు చెప్పిండ్రు?

అడిగినంక ఒక పాట ఎత్తుకోమను. ఒకామె ఎత్తుకుంటే ఇంకొకామె అందుకోవాలె. స్టూడియోకు ఒక్క గొంతు చాలు కావచ్చు. మన పాటకు ఎప్పుడూ రెండు గొంతులు కావాలె.

వచ్చే భాగంలో మన ఊర్ల బ్యాండు మేళం వాళ్ల చరిత్ర రాస్తాను.

జై భీమ్.